తక్కువ వెలుగులో తీయని కొలత

అమలాపురంలో మాది కిరాణా కొట్టు. నూనె కోసం ఎవరు డబ్బా తెచ్చినా నాన్న ముందు ఖాళీ డబ్బా తూచి, ఆ బరువు తీసేసేవారు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు గల్లా దగ్గర కూర్చునే నేను మాత్రం, అడిగినవాళ్లకే తూచేవాణ్ణి. అదేదో తెలివనుకునేవాణ్ణి.

ఆ తెలివినే కాలేజీలో లేజర్ ల్యాబుకు పట్టుకెళ్లాను. బండారులంక నేతవారి దగ్గర బేరమాడి తెచ్చిన రంగును గాజు పలక మీద పలుచగా పూసి, దాన్ని లెన్సు ముందు అటూ ఇటూ జరుపుతూ, ఆవల సూది బెజ్జమంత కన్నంలోంచి వచ్చే వెలుగును కొలిచేవాళ్లం. లేజర్ గట్టిగా తగిలితే పూత తానే లెన్సులా మారి కాంతిని వంచుతుంది. ఎంత వంచుతుందన్నదే మా లెక్క. కానీ పలకలో గతుకులుంటే వాటివల్లా వెలుగు చెదురుతుంది. అందుకే వెలుగు బాగా తగ్గించి మరోసారి కొలిచి, అప్పుడు వచ్చినదాన్ని తీసెయ్యాలి. నేను ఆ రెండో కొలతే తియ్యలేదు. అంకె ఘనంగా వచ్చింది. మా గైడు సార్ భుజం తట్టారు.

నా తర్వాత చేరిన ఉప్పలగుప్తం అమ్మాయి థీసిస్‌కి ఆ అంకే పునాది. ఎన్ని పలకలు చేసినా ఆమెకది రాలేదు.

"నీకు చెయ్యి కుదరట్లేదమ్మా," అన్నారు సార్, నా ఎదుటే.

అప్పటికే నా పాత పలకను తక్కువ వెలుగులో పెట్టి చూసుకున్నాను. నా ఘనతలో సగం పైగా గతుకులదే. అయినా, కడిగిన బీకరునే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.

చదువు మానేస్తానని ఆమె దరఖాస్తు రాసుకున్న రోజు ఇక ఉండబట్టలేదు. అప్పుడైనా బేరం మానానా?

"నా పలకలో కొంచెం లోపం ఉండి ఉండొచ్చు. నీ కొలతలన్నీ నేనే తీసిపెడతాను. పేపర్లో నీ పేరే ముందు వేద్దాం."

"ఉండొచ్చాండీ, ఉందాండీ?"

"ఉంది."

"అయితే కొలతలూ వద్దు, పేరూ వద్దండి. సార్‌తో చెప్పండి చాలు. మా ఇంట్లోవాళ్లు కూడా నా చేతులు పనికిరావనే అనుకుంటన్నారు."

ఇద్దరం సార్ గదికి వెళ్లాం. నేను చెప్పింది విని ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఈమధ్యేనండి."

ఆమె నన్ను చూడలేదు. చేతిలో ఉన్న దరఖాస్తును మడత మీద మడత పెడుతోంది.

"ఆరు నెలలైందండి," అన్నాను.

సార్ నన్ను బయటికి వెళ్లమని సైగ చేశారు. గుమ్మం దాటుతుంటే వినిపించింది.

"కూర్చోమ్మా. రేపు నీ పలకలన్నీ తీసుకురా, మళ్లీ కొలుద్దాం. నేను కూడా పక్కనుంటాను."

"ఆయ్," అంది ఆమె. నేను ఆగకుండా మెట్లు దిగిపోయాను.