చీటీ పైన వితౌట్ ప్రెజుడిస్

మా బొత్తాల కొట్టు పక్కనే అక్కాచెల్లెళ్ల కుట్టు దుకాణం. అక్క కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. చెల్లెల్ని వీధి వీధంతా కుట్టుపిన్ని అంటాం. మిషను ఆగినా ఆమె నోరు ఆగదు.

ఒకసారి ఓ పెద్దమనిషి కోటు భుజాల దగ్గర బిగుసుకుపోయింది. చెయ్యెత్తితే పిగిలేలా ఉంది. "మా అక్క కత్తిరింపు అలా ఏడ్చింది" అనేసింది పిన్ని, అక్క ముందే. కొలత తీసింది పిన్నే. అక్క కత్తెర బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ దుకాణానికి రాలేదు.

పెద్దమనిషి కోర్టుకెక్కుతానన్నాడు. ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చిన లాయరు గుమస్తా పిన్నికి ఉపాయం చెప్పాడు.

"డబ్బుల్లేకుండా కొత్త కోటు కుట్టి ఇస్తానని రాసివ్వమ్మా. పైన ఇంగ్లీషులో వితౌట్ ప్రెజుడిస్ అని పెట్టు. రాజీ కుదరకపోయినా, ఆ కాగితం చూపించి నువ్వు తప్పు ఒప్పుకున్నావని కోర్టులో అనలేరు."

"అంటే ఒప్పుకున్నా ఒప్పుకోనట్టేనా? ఇంత మంచి మాట ఇన్నాళ్లూ ఎక్కడ దాచారయ్యా!"

రాజీ కుదిరింది. అక్కడితో వదిలేస్తే పిన్ని ఎందుకవుతుంది? గౌను గురువారం ఇస్తానన్న చీటీ పైనా అదే మాట, పాలవాడికి రెండు ప్యాకెట్లు వెయ్యమన్న చీటీ పైనా అదే. గుమస్తా తల బాదుకున్నాడు.

"అది రాజీ మాటలకే పెట్టాలి తల్లీ! పాలకీ గౌన్లకీ కాదు."

ఈలోగా దుకాణం పని అడుగంటింది. పిన్ని కుట్టు ముత్యాల వరస, కత్తిరింపు మాత్రం దేవుడికే తెలియాలి. ఒకాయన చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఈ చేతులు రెండూ ఒక్క మనిషివేనా?" అనడిగాడు. వచ్చేవాళ్లు ఎదురు దుకాణం మెట్లెక్కడం మొదలెట్టారు. అక్క రాకపోతే తలుపులు మూసుకోవడమే.

చివరికి పిన్ని చీటీ రాసింది. "అక్కా, కొలత తప్పు తీసింది నేనే. వచ్చెయ్." పైన మామూలే. గుమస్తా చూసి, "ఇదిగో, ఇన్నాళ్లకి సరైన చోట పెట్టావు" అని మెచ్చుకున్నాడు. పిన్ని మొహం వెలిగిపోయింది. చీటీ నా చేతికిచ్చి పంపింది.

అక్క చదివి, "పైన ఈ ఇంగ్లీషేంటే?" అంది.

"తప్పు ఒప్పుకుంటుంది గానీ, రేపు నువ్వు దాన్ని పట్టుకుని దెప్పకూడదట" అన్నాను.

అక్క చెప్పులేసుకుని నాతోపాటే బయల్దేరింది. దుకాణంలోకి వస్తూనే చీటీ బల్ల మీద కొట్టింది.

"దెప్పకూడదంటే నేను రావడం దేనికే? దాంట్లో నాకు మిగిలేదేంటి?"

"గుమస్తాగారే బాగుందన్నాడక్కా!"

"అయితే ఆయన్నే కత్తిరించమను."

పిన్ని నావైపు చూసింది. నేను బల్ల మీది బొత్తాలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. పిన్ని ఏమనుకుందో, కత్తెర తీసి చీటీ పైముక్క కోసెయ్యబోయింది. కత్తెర ఇంగ్లీషు మాట దాటి, "అక్కా" అన్న చోటికి దిగుతోంది.

"ఆగవే మొద్దూ, నన్ను కోసేస్తున్నావు! ఇటివ్వు."

అక్క కత్తెర లాక్కుంది. పైముక్క తిన్నగా కోసి కింద పారేసింది. మిగిలింది మడిచి పర్సులో దాచుకుని, గుడ్డల కట్ట ముందుకు లాక్కుంది.

"ఈ చొక్కా కొలతలెవరు తీశారు? నువ్వేనా? అయితే ఆయన్ని మళ్లీ పిలు."