టర్కీ ధర

మెసేజ్‌లో "దీదీ" లేదు. నాకు మొదట భయం వేసింది అక్కడే.

మా టీమ్ లీడర్ నాకంటే నాలుగేళ్ళు చిన్నది. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఏం రాసినా ముందు "దీదీ" అని రాసేది. సెలవు ఇవ్వనని చెప్పాలన్నా, కస్టమర్లు నాకిచ్చే మార్కులు తగ్గాయని చెప్పాలన్నా ఆ మాట ముందు ఉండాల్సిందే. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి వచ్చిన మెసేజ్ నా ఉద్యోగి నంబరుతో మొదలైంది. మీ ఇంటి నెట్ నుంచి తొమ్మిది ఖాతాలు తెరుచుకున్నాయి, తొమ్మిదీ టర్కీ ఖాతాలు, దీని గురించి మీకేం తెలుసు, షిఫ్ట్ అయ్యేలోపు జవాబు ఇవ్వండి అని ఉంది.

స్క్రీన్ మీద ఇద్దరు కస్టమర్లు కాచుకుని ఉన్నారు. ఇద్దరికీ "దయచేసి ఒక్క నిమిషం" అని పంపాను. అలా పంపడానికి ఆలోచించనక్కర్లేదు, వేళ్ళకే తెలుసు.

అది కరోనా రెండో ఏడాది. సూరత్‌లో, లింబాయత్‌లో, మరమగ్గాల షెడ్డు పైనున్న రెండు గదుల్లో ఉండేవాళ్ళం. కింద మగ్గాలు నడిచినన్నాళ్ళూ మా నేల సన్నగా వణుకుతూ ఉండేది, గూట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే అంచుకు జరిగేవి. మగ్గాలు ఆగిపోయాక మొదటి వారం ఆ వణుకు లేక నిద్రపట్టలేదు. తర్వాత అదీ అలవాటైంది. వీధిలో ఎవరో ఒకరు పోయారని వినేదాన్ని, విని అన్నం వార్చేదాన్ని. నాకేమైందోనని కూడా అప్పుడు అనిపించలేదు.

నా ఉద్యోగం చాట్‌లో జవాబులివ్వడం. వీడియో గేమ్స్‌ను ఇంటర్నెట్‌లో అమ్మే ఒక దుకాణానికి మా ఆఫీసు కస్టమర్ సర్వీసు చేసేది. ఆ దుకాణంలో చేతికిచ్చే వస్తువు ఏదీ ఉండదు. డబ్బు కడితే గేమ్ వచ్చి మీ ఖాతాలో చేరుతుంది. లాక్‌డౌన్ మొదలవగానే ఆఫీసు నాకొక లాప్‌టాప్ ఇచ్చి ఇంటికి పంపింది. ఇంట్లో వైఫై కూడా వాళ్ళే పెట్టించారు. సిరిసిల్లలో బీకాం చదివేటప్పుడు ఇలాంటి పని ఒకటుంటుందని నాకు తెలియదు.

మా ఆయన రింగ్ రోడ్‌లో చీరల హోల్‌సేల్ దుకాణంలో సేల్స్‌మన్. మార్కెట్ మూసేశారు, తెరిచారు, మళ్ళీ మూసేశారు. శేఠ్ కొన్నాళ్ళు సగం జీతం ఇచ్చాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మేమిద్దరం, పిల్లలిద్దరు, నలుగురం నా చాట్ మీదే బతుకుతున్నాం.

నాకొచ్చే గొడవలు ఎక్కువగా ధర గురించే. ఒకే గేమ్‌కు ఒక్కో దేశంలో ఒక్కో ధర. అమెరికా నుంచి ఒకాయన, "ఇండియావాళ్ళకు మూడో వంతుకే ఇస్తున్నారట, నా డాలర్లు మీకు చేదా?" అని రాశాడు. ఆ జవాబు రాసేది ఇండియాలో కూర్చున్న మనిషని ఆయనకు తెలియదు, చాట్‌లో మా పేర్లు ఇంగ్లీషు పేర్లు. ఇండియావాళ్ళు అంతగా తిట్టరు, బేరమాడతారు. ఒకాయన నాలుగుసార్లు "లాస్ట్ ప్రైస్ బోలో" అని రాశాడు. వెనకాల ఉల్లిగడ్డలు కోస్తున్న మా ఆయన అది చూసి, "వానికొక చాయ్ తాపియ్యరాదూ, బేరం కుదుర్తది" అన్నాడు.

అర్జెంటీనా నుంచి రాసిన ఒకామె మాత్రం గుర్తుండిపోయింది. వాళ్ళ దేశంలో రాత్రికి రాత్రి ధర రెట్టింపయింది. "నిన్ననే మా వాడికి మాటిచ్చాను. నెలల తరబడి వాడు ఇల్లు దాటలేదు. ఇప్పుడు వాడికేం చెప్పమంటారు?" అని అడిగింది. మాకు ముందే రాసిపెట్టిన జవాబులు ఉంటాయి. ధరలను ప్రాంతాన్నిబట్టి గేమ్ తయారుచేసినవాళ్ళు నిర్ణయిస్తారు, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. అదే పంపాను. ఆమె మార్కుల దగ్గర ఎర్ర ముఖం బొమ్మ నొక్కి వెళ్ళిపోయింది.

మా ఆయనకు ఇవన్నీ వింత కాదు. "మా మార్కెట్ల గిదే గద" అనేవాడు. కొత్త పార్టీ, అంటే సరుకు కొనే వ్యాపారి, దుకాణం మెట్లెక్కగానే వీళ్ళు అడిగే మొదటి మాట "ఎక్కడినుంచి?" అని. ఊరు తెలిశాకే చీర రేటు నోట్లోంచి వస్తుంది. అదే చీర మద్రాసు పార్టీకి ఒక రేటు, పాట్నా పార్టీకి ఒక రేటు. ఇంకా అక్కడ ఆడతియా అని ఒకడుంటాడు. మా సిరిసిల్ల వైపు అడ్తిదారు అంటామే, అతనే. బయటి ఊరి వ్యాపారి తరఫున తాను నిలబడి, తన పేరు మీద సరుకు ఇప్పించి, కమీషన్ తీసుకుంటాడు. ఎప్పటికైనా మార్కెట్లో ఒక టేబులు, ఒక ఫోను పెట్టుకుని ఆడతియా కావాలని మా ఆయన కోరిక.

ఒకరోజు వంట దగ్గర నిలబడి అడిగాడు. "మరి మీ దుకాణపోళ్ళకు ఎవ్వలు ఏ దేశమో ఎట్ల ఎరుక? మొఖం చూడరు గద."

చెప్పాను. ఖాతాలో రాసిన దేశం, డబ్బు కట్టిన కార్డు దేశం, నెట్ వస్తున్న దేశం, మూడూ కలవాలి. కార్డు బదులు ఆ దేశపు కూపన్ కొనేవాళ్ళుంటారు. నెట్‌కు వేరే దేశం ముసుగు వేసే యాప్‌లుంటాయి. నా పని గురించి ఇంట్లో ఎవరైనా ప్రశ్న వేయడం అదే మొదటిసారి. పెనం మీద రొట్టె మాడుతున్నా ఆపకుండా చెప్పాను.

నాలుగింటి మెసేజ్ చదివినప్పుడు నాకు ఆ మాడిన రొట్టె వాసన గుర్తొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి పక్క గదిలోకి వెళ్ళాను. ఆయన గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. నా ఫోన్‌లో మెసేజ్ చూపించాను.

"గిదేంది?" అని అడిగాను.

చదివాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఏముంది అండ్ల. మార్కెట్ దోస్తులకు గేమ్‌లు ఇప్పించిన. ఇండ్లల్ల పిల్లలు పీక్క తింటున్నరంట. ఈడ మూడు వేలు, టర్కీల పదకొండు నూర్లు. వాళ్ళకూ కలిసొచ్చె, నాకొక నూరు రూపాయలు మిగిలె."

"టర్కీ అని అబద్ధం రాసినవు."

"రాస్తే? రింగ్ రోడ్ల ఎన్నిమార్లు నాగ్‌పూర్ పార్టీ అని చెప్పి సూరత్ పార్టీకి మాల్ ఇప్పియ్యలే? శేఠ్‌కు ఎరుక లేదా? ఎరుకుండే ఇస్తడు. మాల్ పోవాలె గద ఆయనకు."

"ఈడ శేఠ్ లేడయ్యా. మషీన్ ఉంటది."

"మషీన్ అయితే ఇంకా మంచిగాయె. మొఖమాటం ఉండది."

నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు. ముసుగు యాప్ ఆన్ చేయడం అప్పుడప్పుడు మర్చిపోయాడట. తొమ్మిదిసార్లు మర్చిపోయాడు.

"నా నౌకరి పోతది" అన్నాను.

నా ఫోన్ నాకిచ్చేశాడు. తర్వాత, "నా పేరు చెప్పు. నా మొగుడు చేసిండు, నాకెరుక లేదను" అన్నాడు.

"ఇంటోళ్ళు చేసినా నన్నే తీసేస్తరు. చేరిన్నాడే సంతకం పెట్టిచ్చుకున్నరు."

"మరేం జేస్తవ్?"

తిరిగి నా టేబులు దగ్గరికి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. కస్టమర్లిద్దరూ ఇంకా ఉన్నారు. ఒకాయన వాళ్ళ దేశంలో ధర ఎప్పుడు తగ్గుతుందని అడుగుతున్నాడు.

ఇక్కడ పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఆమెదీ మా జిల్లానే. ఆమె భర్త మా కిందున్న షెడ్డులోనే మగ్గం నడిపేవాడు. వాళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదీ, మా వాడూ ఒకే బళ్ళో, ఒకే తరగతి. బడులు ఫోన్‌లోకి వచ్చినప్పుడు వాళ్ళింట్లో ఉన్నది ఒకే ఫోన్, అందులో డేటా పొద్దున్నే అయిపోయేది. మా వైఫై పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను. మా గుమ్మం ముందు మెట్ల మీద సిగ్నల్ బాగా వస్తుందని ఇద్దరూ చాప తెచ్చుకుని అక్కడ కూర్చునేవాళ్ళు. ఆ పాస్‌వర్డ్ కూడా అక్క పెద్దకూతురే పెట్టింది, నలుగురు పిల్లల పేర్లలో మొదటి అక్షరాలు కలిపి.

మా ఆయనకు జ్వరం వచ్చి మేం తలుపేసుకున్న పద్నాలుగు రోజులూ అక్క రెండు పూటలా గిన్నె తెచ్చి గడప దగ్గర పెట్టేది. గరిటెతో తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "చెల్లె, పప్పుల ఉప్పు తక్కువైతే తిట్టుకోకు" అని వెళ్ళిపోయేది. ఉప్పు ఎప్పుడూ సరిపోయేది. అప్పట్లో నాకు రుచి తెలియకపోయినా పిల్లలు చెప్పేవాళ్ళు.

ఎనిమిదిన్నరకు టీమ్ లీడర్ ఫోన్ చేసింది. ఇంకో అరగంటలో షిఫ్ట్ అయిపోతుంది, ఈలోపు నా జవాబు రాసి పైవాళ్ళకు ఫారం పంపాలని చెప్పింది. అప్పుడు కూడా దీదీ అనలేదు. ఆమె గొంతులోనూ భయం ఉంది, తన టీమ్‌లో ఇలా జరిగితే ఆమెనూ అడుగుతారు.

"నెట్ ఔర్ కౌన్ చలాతా హై?" అంది. మా నెట్ ఇంకెవరు వాడతారని.

ఆలోచించానని చెప్పలేను. నోట్లోంచి వచ్చేసింది.

"పడోసీ."

పక్కింటివాళ్ళు. ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"పెహ్లే బోల్నా థా న, దీదీ."

ముందే చెప్పాల్సింది కదా అని. దీదీ అన్న మాట తిరిగొచ్చింది. ఇక తను చూసుకుంటానంది. పాస్‌వర్డ్ మార్చి ఫొటో పంపమంది. ఇకనుంచి నా కుటుంబం తప్ప ఎవరూ ఈ నెట్ వాడరని ఒక కాగితం మీద సంతకం చేసి పంపమంది. ఆ తొమ్మిది ఖాతాలు ఈ పూటే మూసేస్తారంది. నేను అన్నిటికీ "హా" అన్నాను.

పక్కింటివాళ్ళు మా నెట్ వాడుతున్న మాట నిజమే. అబద్ధమేమీ ఆడలేదుగా అని కాసేపు అనుకుని చూశాను. అది పనికి రాలేదు.

కొత్త పాస్‌వర్డ్‌గా నా ఉద్యోగి నంబరు పెట్టాను. సంతకం చేస్తుంటే మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఫోన్ కాల్ అంతా విన్నాడు.

"అక్కవాళ్ళకు చెప్తవా?"

"ఏమని?"

ఆయన కాగితం వైపు చూశాడు. "ఆ తొమ్మిది మందికి నేనేం చెప్పాలె?" అన్నాడు. కస్టమర్లకు రాసే జవాబు నా వేళ్ళ చివర ఉంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. పైకి అనలేదు. ఆయన ఫోన్ తీసుకుని డాబా మీదికి వెళ్ళాడు. చాలాసేపు మాటలు వినిపించాయి. కిందికి వచ్చాక అన్నం పెట్టమన్నాడు, పెట్టాను.

ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. నెలలు గడిచాక, ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను, ఇప్పుడూ అంతే. మగ్గాలు మళ్ళీ నడుస్తున్నాయి, టేబులు కింద నేల వణుకుతోంది. మా ఆయన మార్కెట్‌కు వెళ్తున్నాడు. నా ఉద్యోగం ఉంది.

పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మెట్ల మీద చాప పరిచిన చప్పుడైంది. మా వాడు అప్పటికే నా ఫోన్ ముందు కూర్చున్నాడు. పక్కన మా చిన్నది పాలగ్లాసుతో ఉంది. టీచర్ హాజరు తీసుకుంటోంది. అక్క చిన్నకూతురి పేరు పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తర్వాతి పేరుకు వెళ్ళింది.

తలుపు మీద తట్టారు. మా వాడు లేచి వెళ్ళి, తలుపు కొంచెం తెరిచి మాట్లాడి వచ్చాడు.

"మమ్మీ, వాళ్ళకు నెట్ వస్తలేదంట. పాస్‌వర్డ్ గలత్ అని చూపిస్తుందంట."

నేను స్టవ్ దగ్గర ఉన్నాను. వెనక్కి తిరగలేదు.

"ఈ ఫోన్ల చూడమందునా? ఇద్దరం కలిసి చూస్తం" అన్నాడు.

"వద్దు" అన్నాను. "మనకు గూడ నెట్ పోయిందని చెప్పిరా."

వాడు చేతిలోని ఫోన్ చూశాడు. టీచర్ లెక్క మొదలుపెట్టింది.

"మనకు నడుస్తుంది గద మమ్మీ" అంది చిన్నది.

"నడుస్తే నడవనియ్యి" అన్నాను. "సౌండ్ తగ్గించుకోండ్రి."