స్పార్క్ ప్లగ్గు లేని ఇంజన్

ఈ పొద్దు నా ఇరవై ఏండ్ల డ్రైవరు గర్వం కావేరిపట్టణం దాటినాక రోడ్డు మీదే దిగిపోయింది.

పోయిన నెల నా టాక్సీకి పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేయించినాను. తక్కువ తాగుతుందనే ధైర్యంతో ట్యాంకు ఎండేదాకా తోలినాను. బండి నిలిచిపోయింది. డిక్కీలో ఉన్న డబ్బా డీజిల్ పోసినా స్టార్ట్ కాలేదు. వెనక సీట్లో కిరాయికి ఎక్కిన మునెమ్మ కూర్చోనుంది. కృష్ణగిరి ఆస్పత్రిలో ఉన్న బాలింత కూతురికని, మిరియాల చారు క్యారియర్ ఒళ్ళో పెట్టుకొనింది.

నేను బానెట్ ఎత్తి స్పార్క్ ప్లగ్గు కోసం వెతకబట్టినాను. డీజిల్ ఇంజన్‌కు అది ఉండదని నాకు తెలుసు, నా చేతికే తెలీదు!

మునెమ్మ దిగొచ్చి, "ఏం వెతుకుతాండావప్పా?" అనింది.

"ప్లగ్గమ్మా."

"దీనికి ప్లగ్గు యాడిది? ట్యాంకు ఎండింది కదా, పైపులో గాలి చేరింటుంది. మా మడికి నీళ్ళు తోడే బాయి ఇంజన్‌కూ ఇదే రోగం. స్పానర్ ఇట్లియ్యి."

ఫిల్టర్ మీది నట్టు వదులు చేసి, నన్ను దాని పక్కనుండే చిన్న చేతిపంపు కొట్టమనింది. మొదట నురగ వచ్చింది. ఉత్త డీజిల్ కారినాక నట్టు బిగించింది. రెండోసారికే ఇంజన్ అందుకొనింది.

పాత ఇంజనే మళ్ళా బిగిద్దామని బండి నిలిచినప్పటినించి గొణుగుతా ఉన్నాను. ఆస్పత్రి కాడ ఆమె క్యారియర్ తాకి, "ఇంకా వేడిగానే ఉందప్పా" అని నవ్వేసరికి ఆ మాట మరిచిపోయినాను.

మీ బండ్లను దారిలో ఎవరు లేపినారో మీరూ చెప్పండప్పా. నా బండిలో మాత్రం బాయి ఇంజన్ తోలే అమ్మలకు ఇంకమీదట ముందు సీటే.