ఉందని తెలిసిన మాట

ఇక్కడి యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఒకరోజు క్వేకర్స్ హిల్ స్టేషన్‌లో రైలెక్కి, ల్యాప్‌టాప్ తెరిచి, ఏ పనికి ఏ కమాండ్ వాడాలో చెప్పే మాన్యువల్ పేజీల్లో వెతుకుతున్నాను. ఏ మాట కొట్టినా ఏమీ లేదనే జవాబు. నా ఇంగ్లీషే చాలడం లేదనుకుని, "దీని దుంప తెగ!" అన్నాను. మెళ్లో ఆఫీసు కార్డుతో పక్కన కూర్చున్న ఆవిడ నవ్వింది.

"కచ్చితంగా ఉంటుందని తెలిసిన వర్డ్ ఒకటి సెర్చ్ చెయ్యి బాబూ."

"ఉందని తెలిస్తే వెతకడమెందుకు, ఆంటీ?"

"చెయ్యి, చూద్దాం."

ఫైళ్లు కాపీ చేసే కమాండ్ లేకుండా ఉండదు కదా అని, 'కాపీ' అని కొట్టాను. అదీ లేదంది.

"చూశావా? నీ వర్డ్స్ బానే ఉన్నాయి. సెర్చ్ పేజీల్ని చూడదు, వాటి లిస్టు ఉండే ఇండెక్స్‌ని చూస్తుంది. నీ దాంట్లో ఆ ఇండెక్సే ఖాళీ. బిల్డ్ చేస్కో, వచ్చేస్తాయి."

ఆవిడ బ్లాక్‌టౌన్‌లో దిగిపోయింది. ఆవిడ చెప్పినట్టే ఇండెక్స్ బిల్డ్ చేసుకున్నాను; పారమట్టా స్టేషన్ వచ్చేలోపు అన్నీ దొరికాయి.

ఇప్పటికీ ఎక్కడైనా లేదనే జవాబొస్తే, నన్ను నేను అనుమానించుకునే ముందు, ఉందని తెలిసినదొకటి అడిగి చూస్తాను.