బాపు పళ్ళ సెట్టు

కాటేదాన్‌లో అట్టపెట్టెలు చేసే షెడ్డులో పదిహేనేళ్ళు పనిచేశాను. జిగురు సంగతి నాకంటే ఎవరికి తెలుసునని గర్వం. చెప్పులకు రబ్బరు సొల్యూషన్, కట్టెకు తెల్ల గమ్ము, ప్లాస్టిక్‌కు చుక్క వేయగానే పట్టేసే చిన్న ట్యూబు. శంషాబాద్‌లో మా గల్లీలో ఏది విరిగినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఇది నా వల్ల కాదని ఎవరికీ చెప్పిన గుర్తు లేదు.

ఒక పొద్దున బాపు తన పై పళ్ళ సెట్టు కడుక్కుంటుంటే చెయ్యి జారింది. సెట్టు గచ్చు మీద పడి రెండు ముక్కలైంది.

"డాక్టర్ తాన్కి పోదామా బిడ్డా?" అన్నాడు.

"గింత దానికి డాక్టరెందుకు బాపు? నేను లేనా?"

ఆ ఆదివారమే బుద్వేల్‌లో మేనత్త మనవరాలి పెళ్ళి. ముక్కలు ఆరబెట్టి, రెండు చుక్కలు వేసి, నూరు లెక్కపెట్టేదాకా ఒత్తి పట్టుకున్నాను. అతుకు వెంట్రుకవాసి పక్కకు జరిగింది. పొంగి గట్టిపడిన చోట గరుకు కాగితంతో రుద్దాను. బాపు పెట్టుకుని దవడ రెండుసార్లు ఆడించాడు. "మంచిగ కుదిరింది" అన్నాడు. ఆ మాట గల్లీ అంతా చెప్పుకు తిరిగాను.

పెళ్ళి విందులో బాపు ఆకులో మాంసం ముక్కలు అట్లాగే మిగిలిపోయాయి. అరగదేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో జావ అడగడం మొదలుపెట్టాడు, అన్నం మెత్తగా పిసికి పెట్టమన్నాడు. రెండు నెలలకు మా ఆవిడే కనిపెట్టింది.

"మామ నములుతలేడు. మింగుతున్నడు."

వెళ్ళి అడిగాను. బాపు నోరు తెరిచాడు, ఏదో చెప్పబోయాడు. అంతలో నెత్తి మీదుగా విమానం దిగుతోంది. అది పోయేదాకా మాట ఆపడం మా ఇళ్ళలో అందరికీ అలవాటే. చప్పుడు తగ్గాక, "ఏం లేదు తియ్. ఆకలైతలేదు" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది.

ఒకరోజు ఆయన తువ్వాలు మీద నెత్తురు కనబడింది. అప్పుడు కూడా డాక్టర్ గుర్తుకు రాలేదు, నా తెలివి అట్లా తెల్లారింది. ఆ గడ్డ కట్టిన జిగురును తీసేస్తే సరిపోతుందనుకున్నాను. వేడినీళ్ళు, నూనె, ఏదీ పనిచేయలేదు. చివరికి గోళ్ళ రంగు తుడిచే మందు పోశాను. జిగురు కొంచెమే కరిగింది. దాని చుట్టూ ఉన్న గులాబీ రంగు ప్లాస్టిక్ మాత్రం మెత్తబడి, తెల్లబారి, నా బొటనవేలి అచ్చు దిగింది. అప్పుడు తీసుకుపోయాను దవాఖానకు.

డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసింది. సెట్టును అటూ ఇటూ తిప్పింది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఎవరు చేశారిది?"

నేను గొంతు సవరించుకునే లోపే బాపు అన్నాడు, "నేనే అమ్మా. తెల్వక చేసిన."

ఆమె ఆయన్ని చిన్నపిల్లాణ్ణి కసిరినట్టు కసిరింది. బాపు తల వంచుకుని విన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కాదు, నేనే చేశాననడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె చీటీ రాసినంతసేపూ ఉన్నాను, అనలేదు. ఇంటికి వచ్చే దారిలోనూ అనలేదు.

పంటి చిగురు మీద పడిన పుండు మంచిది కాదని, క్యాన్సరని పెద్ద దవాఖానలో తేలింది. సెట్టు ఒరుసుకునే వచ్చిందా అని అడిగాను. చెప్పలేమన్నారు. ఆ మాట పట్టుకుని బతకాలని చూశాను కానీ అది నిలవలేదు. వానాకాలం వెళ్ళకముందే బాపు పోయాడు. చివరి నెల మంచినీళ్ళు కూడా చెంచాతోనే పోశాం.

దశదినం నాడు బంధువులు బంతిలో కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. మేనత్త కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత మొండోడే మా అన్న! డాక్టర్ తాన్కి పోకుండ సొంతంగ అతికిచ్చుకున్నడంట గద?" అంది.

అందరూ నా వైపు చూశారు.

"అవునత్తా," అన్నాను. "ఎంత చెప్పినా వినలే."