ఒసాకాలో నలుగురం

ఈ సాయంత్రం ఆఫీస్ నుంచి సన్నీవేల్‌లోని అపార్ట్‌మెంట్‌కి వచ్చి షూస్ విప్పుతుంటే, నా ఫ్రెండ్ శ్రావణి ఒసాకా నుంచి వీడియో కాల్ చేసింది. తనూ మరో ఇద్దరు ఫ్రెండ్సూ నిన్ననే అక్కడ దిగారు. వాళ్ళకి శనివారం ఉదయం, ఊరు చూసే మొదటి రోజు. ఆరు నెలలు కూర్చుని ఆ ట్రిప్ ప్లాన్ చేసింది నేనే. నా వీసా మార్పు పెండింగ్‌లో ఉంది, ఇప్పుడు అమెరికా దాటితే అప్లికేషన్ పోయినట్టేనని లాయర్ చెప్పాడు. ఆగిపోయాను.

"స్టేషన్‌లో తిరిగిన చోటే తిరుగుతున్నామే. ఏ ఎగ్జిట్?"

"వెనక్కి తిరుగు. బేకరీ పక్కన మెట్లుంటాయి, ఎక్కెయ్."

"నిజంగానే ఉన్నాయే. నువ్విక్కడ ఉన్నట్టే ఉంది."

బయటికి వచ్చాక నలుగురం పడాలని ఎవరినో అడిగి ఫోటో తీయించారు. నా బదులు, స్క్రీన్ మీద నా ముఖం కనిపించేలా శ్రావణి ఫోన్ ఎత్తి పట్టుకుంది. నేను సోఫాలో జుట్టు సర్దుకుని నవ్వాను.

ఫోటో ఇందాకే వచ్చింది. ముగ్గురూ బాగా పడ్డారు. ఫోన్ మీద ఎండ కొట్టి, నేనుండాల్సిన చోట తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు.

ఒసాకా వెళ్ళేవాళ్ళుంటే దారులు నన్నడగండి, అన్నీ నోటికొచ్చు. నేనెప్పుడు వెళ్తానని మాత్రం అడగకండి.