గేరు రాడ్డు వదలని చెయ్యి

ఎమ్మిగనూరు ఉల్లిగడ్డల వ్యాపారి దాదాపీరు ఎవరినీ తొందరగా నమ్మడు. ఎనభై నాలుగులో ఎద్దుల జత అమ్మి, ఆ డబ్బుతో పాత పికప్పు బండి చూడ్డానికి ఆదోని పోయినాడు. మోసపోతే ఎద్దులూ ఉండవు, బండీ ఉండదు. అందుకే బండి అమ్మే బసవన్న టీ పోయించినా అనుమానమే, కొత్త రంగు చూసినా అనుమానమే.

"రాన్నా, నువ్వే చూడు" అని బసవన్న పక్కన కూర్చోబెట్టుకొని తోలినాడు. ఉరుకుంద ఈరన్న గుడి నుంచి నడిచొస్తున్న ఒక ముసలామె కనపడితే, ఆపి ఎక్కించుకున్నాడు.

ఆమె కొబ్బరి ప్రసాదం ఇచ్చింది. ఖాళీ రోడ్డు మీద బసవన్న ఒక్క క్షణం స్టీరింగు వదిలి కుడిచెయ్యి చాపినాడు గానీ, ఎడమచెయ్యి గేరు రాడ్డు మీద నుంచి తీయలేదు.

"ఈరన్న ప్రసాదం నాయనా, రెండు చేతులా తీసుకోవాల" అంది ముసలామె.

"చెయ్యి తీస్తే గేరు ఊడొస్తాదేమో అవ్వా" అన్నాడు దాదాపీరు మెల్లగా.

బసవన్న బండి పక్కకు ఆపినాడు. "నిజమే అన్నా. మూడో గేరు నిలవదు. ప్రసాదం చేతిలో పెట్టుకొని అబద్ధం సెప్పలేను."

"బాగు చేయించినంక కబురు పంపు, అప్పుడు చూస్తా" అన్నాడు దాదాపీరు. "ఇప్పుడు రెండో గేరులోనే పోనీ. ముందు అవ్వను ఇంటికాడ దింపుదాం."